పిపెట్ మొనన మిగిలే చుక్క

ల్యాబ్‌ల నిలబడి నిలబడి నా కాళ్లు ఎప్పుడో చెడిపోయినయి. పొద్దున మొదటి బ్యాచ్ లోపలికి రాకముందే మడమలు గుంజుడు మొదలైతది. ఉప్పల్‌ల ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీల కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చెప్తుంట. కూసోనీకి కుర్చీ ఉన్నది, లేదనను. కానీ నేను కుర్చీల కూసున్ననంటే పిల్లలకు పండుగే. బ్యూరెట్, అదే గీతలు, కింద ట్యాపు ఉన్న గాజు గొట్టం, నింపి పైన గరాటు అట్లనే వదిలేస్తరు, అందులకెళ్లి చుక్కలు జారుతుంటయి, రీడింగ్ మారుతుంటది. కింద ముక్కుల గాలి బుడగ ఉంటది, దాన్ని తియ్యరు. ఒకడు టైట్రేషన్ చేసుకుంట ఫోన్ చూస్తుండె. రెండు చేతులు కావాలె గదరా నాయనా అంటే, "ఫ్లాస్క్ ఊపుడు మా దోస్త్ చూసుకుంటుండు మేడం" అన్నడు. కోపం రావాల్సిన మాట. నవ్వొచ్చింది, ఆ నవ్వనీకి కూడ ఓపిక లేకపోయింది.

ఏడాదికేడాది అదే పాట పాడుత. బ్యూరెట్‌ను ముందు నీళ్లతోటి కడుగు, ఆ తర్వాత అందుల ఏది పోస్తున్నవో దానితోటే ఇంకోసారి కడుగు, లేకుంటే లోపలి తడికి ద్రావణం పలచనైతది. ఎడమ చెయ్యి ట్యాప్ మీద, కుడి చెయ్యి ఫ్లాస్క్ మెడ మీద. పిపెట్ తోటి కొలిచిన యాసిడ్ ఫ్లాస్కుల ఉంటది, బ్యూరెట్ నుంచి సోడా చుక్క చుక్క పడాలె. ఫ్లాస్క్ కింద తెల్ల కాగితం. గీత చూసేటప్పుడు కన్ను గీతకు సమానంగ పెట్టు, మెడ ఎత్తి చూస్తే ఒక లెక్క వస్తది, వంగి చూస్తే ఇంకో లెక్క వస్తది. లేత గులాబీ రంగు వచ్చి నిలవడంగనే ఆపు. ఈ మాటలు నేను నిద్రల కూడ అంటనని మా అక్క చెప్తది. అంటనేమో, నాకెట్ల తెలుస్తది.

ఇంత చెప్పినా మా దగ్గర ఇంకో రివాజు ఉన్నది. ఏటేటా అవే ద్రావణాలు, అదే బలంతోటి కలుపుతం. మేనేజ్‌మెంట్ ఇచ్చే సామానుకు అంతకంటే ఎక్కువ కాదు. కాబట్టి రీడింగ్ ఎంత రావాల్నో సీనియర్లు జూనియర్లకు ముందే చెప్పేస్తరు. పిల్లలు ల్యాబ్‌కు వచ్చేటప్పటికే జవాబు ఫోన్ల ఉంటది. బ్యూరెట్ ఏం చెప్తుందో ఎవ్వనికీ అక్కెర లేదు. మొదట్ల కొట్లాడిన, గొంతు పోయేదాక కొట్లాడిన. చెవిటోని ముందు శంఖం ఊదినట్టే అయ్యింది. ఇప్పుడు ఊకుంటున్న. సంతకాలు పెట్టి, తాళం వేసి, బస్సెక్కి నాచారం పోతున్న.

గట్లాంటి ల్యాబ్‌ల ఆ పిల్ల దొరికింది. ఫైనల్ ఇయర్. చెంగిచెర్ల నుంచి స్కూటీ మీద వస్తుండె. అందరికంటే ముందొచ్చి, ఎవ్వరూ చెప్పకముందే సామాను కడిగి, స్టాండుకు బ్యూరెట్ నిటారుగ బిగించేది. జవాబు ఎవ్వరినీ అడగకపోయేది. పక్కపిల్లలు ఫోన్ ముందట పెట్టినా, "నాకొచ్చిందే రాసుకుంటనే" అని మొహం తిప్పుకునేది. ఇన్నేండ్లకు ఒక్కతి దొరికిందని లోపల్లోపల సంబురపడ్డ. సంబురం ఎక్కువ రోజులు ఉండలే. ఎందుకంటే ఆ పిల్లకు రీడింగ్ ఎప్పుడూ ఎక్కువ వచ్చేది. జరంతనే ఎక్కువ, కానీ ప్రతిసారి ఎక్కువ. మూడుసార్లు చేస్తే మూడు కలవాలె, అది టైట్రేషన్ ధర్మం. ఈమెకు మూడు మూడు తీర్ల వచ్చేది. దొంగ రీడింగ్ రాసినోళ్లకు నిండుగ మార్కులు, నిజంగ చేసినామెకు కోతలు. నా చేతులతోటే ఆ కోత పెట్టాల్సి వచ్చేది.

మార్కులతోటే పోతే ఇది ఇంత గుర్తుండకపోవు. ఒకనాడు క్లాసయినంక ఆ పిల్ల ఆగింది. నాచారంల ఒక మందుల కంపెనీ ఉన్నదట, అండ్ల క్వాలిటీ చూసే ల్యాబ్‌ల ట్రైనీ కావాలంటే పోయిందట. ముందట ఒక యాసిడ్ పెట్టి, దీని బలమెంతో కట్టి చెప్పమన్నరట. అక్కడ సీనియర్లు లేరు, ఫోన్ బయటనే పెట్టించిన్రు. మూడు రీడింగులు కలవలే. ఆ ల్యాబ్ పెద్దాయన మంచోడే ఉన్నట్టున్నడు, "చేతులు శుభ్రంగున్నయమ్మా, లెక్కే కుదరలే. పరీక్షలు అయినంక ఇంకోసారి రా, అదే ఆఖరు" అన్నడట.

"ఈ నౌకరి వస్తే బర్లను అమ్మేస్తం మేడం," అన్నది. "రాకుంటే మా అమ్మ ఇంకా తిరగాలె."

వాళ్లది పాల ఇల్లు. తండ్రి లేడు. తల్లి బర్లను పెట్టుకొని, చెంగిచెర్ల, బోడుప్పల్ గల్లీలల్ల పాలు పోసి ఈమెను చదివిచ్చింది. ఇప్పుడు ఇంటి చుట్టూ కాలనీ వచ్చింది. మేపనీకి జాగ లేదు, పెండ వాసనని కాలనీ వాట్సాప్ గ్రూపుల రోజూ పంచాయితీ. తల్లికి మోకాళ్ల చిప్పలు అరిగినయి, కిందికి వంగొద్దని దవాఖానల చెప్పిన్రట. వంగకుంట పాలెట్ల పిండాలె? ఇది చెప్పేటప్పుడు ఆ పిల్ల ఏడ్వలే. కడిగిన ఫ్లాస్కునే మళ్ల కడుగుకుంట చెప్పింది. నా మోకాళ్లే ఆ సాయంత్రం నాకు భారమైతుండె, ఆ తల్లివి ఎట్లుంటయో అనుకున్న.

ఇగ రోజూ క్లాసులైనంక ఆ పిల్లను ఆపుకునేదాన్ని. నిజం చెప్తున్న, ఇష్టంగ ఏం కాదు. నా బస్సు పోయేది, ఉప్పల్ చౌరస్తల మెట్రో దిగినోళ్లంత అదే బస్సుకు ఎగబడే టైముకు పోయి నిలబడేదాన్ని. అయినా ఇడిచిపెట్టనీకి మనసొప్పలే. బ్యూరెట్ మార్చిన. పిపెట్ మార్చిన. సోడా ద్రావణం కొత్తగ కలిపిన. నేను చేస్తే సరిగ్గ వచ్చేది, ఆమె చేస్తే ఎక్కువ వచ్చేది. పక్కన నిలబడి చూస్తే అన్నీ సరిగ్గనే ఉండేటియి. ఒక్కటే కనబడ్డది. రంగు వచ్చినంక ట్యాప్ ఇంకింత తిరిగేది.

"రంగొచ్చింది గదనే, ఇంకో చుక్క ఎందుకు ఇడిసినవ్?"

"ఇడిసిన్నా మేడం?" అని నా మొహం చూసేది. అబద్ధం కాదు, ఆమెకు నిజంగనే తెలుస్తలేదు.

భయానికి చెయ్యి వణుకుతుందేమో అనుకున్న. కండ్లు చూపించుకో అన్న. ఒకనాడు ఓపిక సచ్చి, "ఇన్నిసార్లు చెప్తే బర్రెకైనా అర్థమైతది" అన్న. అన్నంక, ఎవరి ఇంటి పిల్లను ఏం మాటన్ననో తెలిసి నాలుక కరుచుకున్న. ఆ పిల్లనే నవ్వింది. "మా బర్రెకు మస్తు తెలివుంటది మేడం, నన్ను దాంతోని పోల్చకున్రి," అన్నది.

గుట్టు బయటపడ్డది బోడుప్పల్‌ల, మా అక్క ఇంట్ల. ఆదివారాలు నేను అక్క దగ్గర ఉంట. పొద్దున లేశి కాళ్లు చాపుకొని చాయ తాగుడు, వారానికి నాకదొక్కటే సుఖం. అక్క ప్యాకెట్ పాలు ముట్టదు. బర్రె పాలే కావాలె, ఇంటి ముందటికి రావాలె, కొలిచినంక కొసరు పడాలె. కొసరు తక్కువైతే ఆ పూట చాయ రుచే రాదంటది. ఆ ఆదివారం అక్కకు నడుము పట్టేసింది. గిన్నె నాకిచ్చి, "నువ్వు పోయి పట్టుకురా, కొసరు పోసిందో లేదో చూడు," అన్నది.

గేటు తీస్తే ముందట మా పిల్లే ఉన్నది. స్కూటీకి అటో క్యాను ఇటో క్యాను. నన్ను చూసి జర సిగ్గుపడ్డది. అమ్మకు కాళ్లు మరీ నొస్తున్నయి, ఆదివారాలు నేనే పోస్తున్న మేడం అన్నది. గిన్నె చాపిన. కొలత గ్లాసు నింపి గిన్నెల వంచింది. అంతా పడ్డంక కొలతను చటుక్కున ఒక్కసారి జాడించింది, ఆఖరి చుక్కలు రాలినయి. తర్వాత మళ్ల క్యాన్ల ముంచి, చూడకుంటనే, మణికట్టు వంచి ఇంకిన్ని పోసింది. అది కొసరు. పోసేటప్పుడు ఆమె కండ్లు పాల మీద లేవు, పక్కింటి గేటు దిక్కు ఉన్నయి. చెయ్యి తన పని తను చేసుకపోతుంది.

ఆ మణికట్టును నేను రోజూ చూస్తున్న. బ్యూరెట్ ట్యాప్ దగ్గర చూస్తున్న. పిపెట్ దగ్గర కూడ చూసే ఉంట, పట్టుకోలేకపోయిన. పిపెట్ తోటి కొలిచి పోసినంక దాని మొనన ఒక్క చుక్క మిగులుతది. దాన్ని ఊదొద్దు, జాడించొద్దు. గాజు గొట్టానికి గీత పెట్టినోడే ఆ చుక్కను లెక్కలకెళ్లి తీసేసి గీత పెట్టిండు. మొనను ఫ్లాస్క్ గోడకు తాకించి, మిగిలింది మిగలనియ్యాలె. ఈ పిల్ల దాన్ని జాడిస్తుంది. ఫ్లాస్కులకు యాసిడ్ జరంత ఎక్కువ పోతుంది. పైనుంచి బ్యూరెట్‌ల రంగొచ్చినంక ఇంకో చుక్క ఇస్తుంది. రెండూ కలిసి రీడింగ్ పెరుగుతుంది. చిన్నప్పటినుంచి తల్లి ఎంబడి పాలు పోసిన ఆ చేతికి తెలిసింది ఒక్కటే, కొలత అయినంక జర ఎక్కువ పొయ్యాలె.

ఆ దినం పాలగిన్నె పట్టుకొని గేటు దగ్గరనే నిలబడిపోయిన. అక్క లోపలినుంచే అడిగింది, "కొసరు పోసిందానే?" పోసింది అక్కా, మంచిగనే పోసింది అన్న.

సోమవారం సాయంత్రం ఆ పిల్లను కూసోబెట్టి చెప్పిన. "చూడు బిడ్డా, ఇక్కడ కొసరు లేదు." అర్థం కాలే. పిపెట్ నింపి జాడించమన్న, జాడించింది. జాడించొద్దన్న, చెయ్యి ఆగలే. అప్పుడు తనకే తెలిసింది. తన చెయ్యి దిక్కు తనే చూసుకున్నది.

"మరి ఆ మిగిలిన చుక్క ఎవరిది మేడం?"

"ఎవ్వరిదీ కాదు."

"మనకాడ పెట్టుకుంటే దొంగతనం జేసినట్టనిపిస్తది," అన్నది. "మా అమ్మ అంటది, కొలత వాళ్ల పైసలకు, కొసరు మన పేరుకు."

అంత మంచి మాటకు ఎదురు చెప్పాల్సిన నౌకరి నాది. అందుకే మాటలు బంద్ చేసి తక్కెడ దగ్గరికి తీస్కపోయిన. మా ల్యాబ్‌ల కరెంటు తక్కెడ ఒకటున్నది, దాని అద్దాల డబ్బా తలుపు సరిగ పడదు కానీ తూకం మంచిగ చూపిస్తది. ఖాళీ బీకర్ పెట్టి సున్నా చేసి, పిపెట్ తోటి నీళ్లు కొలిచి పొయ్యమన్న. తన ఇష్టమున్నట్టు పోసింది. తూకం ఒకసారి ఒకటి చూపించింది, ఇంకోసారి ఇంకోటి, చివరి అంకెలు ఎగిరినయి. తర్వాత మొనను గోడకు తాకించి ఆపి పొయ్యమన్న. తాకించింది, ఆగింది. మళ్ల పోసింది, మళ్ల ఆగింది. అంకెలు కదలకుంట ఒక్కతీర్గ వచ్చినయి. అగో, అప్పుడు నమ్మింది.

"కొసరుకు ఒక లెక్క ఉండదు మేడం," అన్నది మెల్లగ. "ఒకనాడు ఎక్కువ పోస్తం, ఒకనాడు తక్కువ. మనసును బట్టి ఉంటది."

"గందుకే నీ మూడు రీడింగులు కలుస్తలేవు."

ఆ తర్వాత బ్యూరెట్‌ల అర చుక్క నేర్పిన. రంగు మారే ముందట ట్యాప్‌ను ఎంత మెల్లగ తిప్పాల్నంటే, మొనన చుక్క వేలాడాలె, రాలొద్దు. ఆ వేలాడేదాన్ని ఫ్లాస్క్ గోడకు తాకించి, డిస్టిల్డ్ నీళ్లతోటి లోపలికి కడగాలె. నిండు చుక్క కూడ ఎక్కువైతది అక్కడ. నేను నేర్పే పనులల్ల నాకు ఇష్టమైంది ఇదొక్కటే, దీన్ని నేర్చుకుంటమన్నోళ్లు లేక నేనే మర్చిపోయే దినాలు. ఆ పిల్ల నేర్చుకున్నది. ఏడ్సుకుంట నేర్చుకున్నది. చెయ్యి మీద చెయ్యి పెట్టి ఆపేదాన్ని, మణికట్టు గుంజేది, నేను పట్టుకునేదాన్ని. "చాలు, చాలు, చాలు" అని నోరు నొచ్చింది. వానకాలం పోయి చలికాలం వచ్చింది. ఒకనాడు నేను చెయ్యి పట్టకుంటనే ఆగింది. ఇంకోనాడు కూడ ఆగింది. పరీక్షల ముంగట మూడు రీడింగులు మూడూ ఒక్కటే వచ్చినయి. రాసిన కాగితం నా ముందట పెట్టి నిలబడ్డది, నవ్వలే. నాకు కూడ కాళ్ల నొప్పులే గుర్తున్నయి ఆ దినం.

పరీక్షలైనంక కంపెనీకి పోయింది. నేను ఆ పూట సెకండ్ ఇయర్ బ్యాచ్‌ల ఉన్న. ఎవడో పొటాషియం పర్మాంగనేట్ చొక్కా మీద ఒంపుకున్నడు, వాన్ని తిట్టుకుంట ఉంటే ఫోన్ మోగింది.

"కలిసినయి మేడం," అన్నది. "మూడూ కలిసినయి. ఒకటో తారీకు నుంచి రమ్మన్నరు."

మంచిగయింది బిడ్డా అన్న. పోయి కుర్చీల కూసున్న. పిల్లలు గరాట్లు పెట్టుకుంటే పెట్టుకున్నరని ఆ పూట లెవ్వనే లేదు.

బర్లను ఘట్‌కేసర్ అవతల ఎవరో కొన్నరు. ఇల్లిల్లూ తిరిగి ఇగ పాలు రావని చెప్పిన్రు. ఆఖరి పాలు ఆదివారం పడ్డయి. నేను అక్క ఇంట్లనే ఉన్న. హారన్ వినబడంగనే గిన్నె పట్టుకొని పోయిన. స్కూటీ పిల్ల నడుపుతుంది, వెనుక తల్లి కూసున్నది. గిరాకీలందరికీ ఒకసారి మొహం చూపించి పోదామని వచ్చిందట. నేనామెను అంతకుముందు చూడలే. బక్క మనిషి, మోకాళ్లకు గుడ్డలు కట్టుకున్నది. నన్ను చూసి దండం పెట్టింది. "మా పిల్ల చెయ్యి మీరే సక్కజేసిన్రంట గదమ్మా," అన్నది. సంతోషంగనే అన్నది.

పిల్ల దిగి క్యాను మూత తీసింది. కొలత నింపింది, గిన్నెల వంచింది. పాలు పడ్డయి. కొలతను జాడించలే. అంచుకు ఒక చుక్క వేలాడుతుండె, దాన్ని క్యాను లోపలి గోడకు మెల్లగ తాకించి తీసుకున్నది, మూత పెట్టింది. అంతా నేను నేర్పినట్టే చేసింది, ఒక్క తప్పు లేదు. నేను గిన్నె ఇంకా చాపే ఉన్న. ఎందుకు చాపిననో నాకే జరసేపు తెలవలే.

తల్లికి తెలిసింది. "ఏందే, కొసరేది?" అన్నది.

పిల్ల ఉలిక్కిపడ్డది. గిన్నెను చూసింది, నన్ను చూసింది. "మర్సిపోయినమ్మా."

"మర్సిపోతరానే గది?" అన్నది తల్లి. కోపంగ కాదు, నిజంగనే నమ్మలేక అడిగింది.

పిల్ల గబగబ మూత తీసి కొలత మళ్ల ముంచింది. సగానికి పాలొచ్చినయి. పొయ్యబోతూ ఆగింది. కొలతను పైకెత్తి కంటికి సమానంగ పట్టుకున్నది, పాలు ఎక్కడిదాక ఉన్నయో చూసుకున్నది. తర్వాత జరంత క్యాన్లకు ఒంపి, సరి చేసుకొని, మిగిలింది నా గిన్నెల పోసింది. కొసరును ఎవ్వరన్న చూసి పోస్తరా. నా పుట్టుక పుట్టినంక చూడలే. దుఃఖమొచ్చింది నాకు, ఆ తల్లి ముందట ఎట్ల ఏడ్వాల్నని తల వంచుకున్న. ఆ తల్లి కొంగు సరి చేసుకొని కూసున్నది. స్కూటీ గల్లీ మలుపు తిరిగేదాక అక్కడనే ఉన్న.

లోపలినుంచి అక్క కేకేసింది, "కొసరు పోసిందానే?"

"పోసింది అక్కా," అన్న.